మూడో అంతస్తు గడియారమ్మ కాన్పు

మా మెట్ల మీద ఒక మాట నాలుగేళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉంది. కాన్పుల వార్డులో పదహారేళ్ళు పనిచేసిన నర్సు, వీధిలో కడుపుతో ఉన్న ప్రతి పిల్లనూ ఆసుపత్రికి పద పదమని తరిమే నర్సు, తన కొడుకును మాత్రం హాయిగా ఇంట్లోనే కన్నదట. ఎందుకంటే ఆసుపత్రి లోగుట్టు లోపలివాళ్ళకే తెలుసట. "వండినవాడే ముట్టని కూర మనకెందుకు వడ్డిస్తున్నట్టు?" అని ఆ మాటకు ఒక తోక కూడా ఉంది.

ఆ మాట తప్పు. తప్పని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఆ తోక తగిలించింది నేనే. కుళాయి దగ్గర బిందె నిండేలోపు అన్నాను. బిందె చంకనెత్తుకునేలోపు అది వీధి చివరికి చేరింది. అన్న నోటితోనే దిద్దుకోవడం న్యాయం కాబట్టి ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాల తప్పులుంటే మీరు సర్దుకోండి, సంగతి తప్పు మాత్రం నేను ఉండనివ్వను.

మా ఇల్లు రెండో అంతస్తులో, మెట్లు మలుపు తిరిగే చోట. గుమ్మం పక్కన నా ముక్కాలిపీట ఉంటుంది. పైకెళ్ళేవాళ్ళూ కిందికి దిగేవాళ్ళూ నాకొక మాట చెప్పి కదలాల్సిందే. చెప్పకపోతే నేనే అడుగుతాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు పెద్దమ్మా?" అని కింద ఇస్త్రీ షాపు ఆవిడ వెక్కిరిస్తుంది. ఆవిడ మాత్రం తక్కువా? చొక్కా మడత విప్పకముందే ఆ ఇంట్లో ఎవరెవరికి మాటల్లేవో చెప్పేస్తుంది.

మూడో అంతస్తులో ఉండే నర్సును మేమందరం గడియారమ్మ అంటాం. రవిక మీద తలకిందులుగా గుచ్చుకున్న ఒక చిన్న గడియారం ఉంటుంది ఆవిడకు. మనకు తలకిందులు, ఆవిడ వంగి చూసుకుంటే సరిగ్గానే కనబడుతుంది. చేతులు ఖాళీ లేని పని కాబట్టి చేతికి పెట్టుకోరట. డ్యూటీ ఉన్నా లేకపోయినా అది తీయదు. "నాలుగు నిమిషాల్లో వస్తా పెద్దమ్మా" అంటే నాలుగే. ఒకసారి పరీక్ష చేద్దామని తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. మూడున్నర నిమిషాలకే వచ్చి, అరనిమిషం గుమ్మం బయట నిలబడి, అప్పుడు తలుపు కొట్టింది.

వాళ్ళాయన వెల్డరు. కింద వీధిలోకి తెరుచుకునే గదే ఆయన షాపు. మాటలు తక్కువ. ఆయన మాట్లాడాల్సినవి కూడా ఆవిడే మాట్లాడేస్తుందని మా అందరి అభిప్రాయం.

గడియారమ్మ ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరిందట. మొదటి కాన్పు చూసిన రోజు గోడకు ఆనుకుని అట్లాగే జారి కూలబడితే, కన్న తల్లే తల తిప్పి "ఆ అమ్మాయికి కాసిన్ని మంచినీళ్ళివ్వండి" అన్నదట. ఇది ఆవిడే చెప్పి ఆవిడే నవ్వింది. అట్లాంటి మనిషి ఇప్పుడు వార్డులో నడుస్తుంటే పెద్ద డాక్టరమ్మ కూడా "నువ్వేమంటావు?" అని అడుగుతుంది. నేను చెవులారా విన్నాను. ఎట్లా విన్నావంటారా, ఎవరినో చూడటానికి వెళ్ళి తలుపు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను.

"ఇప్పటికి ఎంతమందిని బయటికి తీసుంటావే?" అని ఒకరోజు అడిగాను.

"పుట్టినవాళ్ళను రిజిస్టరు లెక్కపెట్టుకుంటుంది పెద్దమ్మా. నేను నిమిషాలే లెక్కపెడతా."

"నిమిషాల్లో ఏముందే?"

"అంతా అందులోనే ఉంది" అని గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మొదటి పిల్ల ఆసుపత్రిలోనే పుట్టింది, తను పనిచేసే వార్డులోనే, తను రోజూ సర్దే మంచం మీదే. ఐదేళ్ళకు మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో ఒకరోజు నా పీట పక్కన మెట్టు మీద కూర్చుని, "ఈసారి ఇంట్లో కందామనుకుంటున్నా పెద్దమ్మా" అన్నది.

నాకు పట్టరాని సంతోషం. మా కాలం గెలిచినంత సంతోషం. "చూశావా! నేను నాలుగు కాన్పులు ఈ ఇంట్లోనే, ఈ గచ్చు మీదే పడ్డాను. కుండెడు వేడినీళ్ళు, పాత చీర, అంతే. మీ సూదులూ సెలైన్లూ ఎవరికి కావాలి?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. వేళ్ళు మడిచింది. "ఇది రెండోది. మొదటిది ఇబ్బంది లేకుండా అయింది. బిడ్డ తల కిందికే ఉంది. నాకు బీపీ లేదు. ఒంట్లో రక్తం సరిపడా ఉంది. నాతో పనిచేసే ఆవిడ సెలవు పెట్టి సామాను తీసుకుని వస్తుంది. ఆసుపత్రి దగ్గర. ఈ ఏడింటిలో ఏ ఒక్కటి తప్పినా నేను మంచం మీద ఉండను, కుర్చీలో ఉంటా."

"కుర్చీ ఏమిటే?"

కుర్చీ ఏమిటో ఆ ఆదివారం మా మెట్లన్నీ చూశాయి. చేతులు లేని ఒక కొయ్య కుర్చీలో ఏడో నెల పొట్టతో గడియారమ్మ కూర్చుంది. వెనక వెల్డరు, ముందు కింది వాటాలో ఉండే టాక్సీ డ్రైవరు, ఇద్దరూ ఎత్తుకుని మూడో అంతస్తు నుంచి దించడం మొదలుపెట్టారు. మంచం దగ్గర్నుంచి ఆసుపత్రిలో ఆపరేషన్ గది తలుపు దాకా ఎన్ని నిమిషాలో ముందే కొలిచి చూసుకోవాలట. పై మెట్లు బాగానే దిగారు. మా గుమ్మం ముందు మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

వెల్డరు జరిగిన పొరపాటు గొణుక్కుంటూ చెప్పాడు. ఆయన ముందురోజే టేపుతో మలుపు కొలిచాడు, కుర్చీ కొలిచాడు, సరిపోతుందని తేల్చాడు. కుర్చీలో కూర్చునే మనిషి మోకాళ్ళు కొలవలేదు.

ఇనుమును వెంట్రుక వాసి తేడా లేకుండా కోసేవాడు, పెళ్ళాం మోకాళ్ళు మర్చిపోయాడని ఇస్త్రీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. పై గడపలవాళ్ళు కిందికి తొంగి చూశారు, కింది గడపలవాళ్ళు పైకి చూశారు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గాల్లో వేలాడుతున్న గడియారమ్మ మాత్రం గడియారం చూసుకుంటూ, "నవ్వండి నవ్వండి. ఇప్పటికి రెండు నిమిషాలు పోయాయి" అన్నది. ఆసుపత్రి దాకా మొత్తం పందొమ్మిది నిమిషాలు పట్టింది ఆరోజు.

మర్నాడు వెల్డరు మలుపు దగ్గర కమ్మీల కటకటాన్ని మూడడుగుల మేర కోసి, దానికి మడతబందులు పెట్టి, గడి పెట్టి, తలుపులా తెరుచుకునేట్టు చేశాడు. గడి మూస్తే మామూలు కటకటం, తీస్తే కుర్చీ తిరిగేంత చోటు. తర్వాతి ఆదివారం మళ్ళీ దించారు. పదకొండు నిమిషాలు. ఆ రోజుల్లో మా పిల్లలందరికీ అదొక ఆట అయిపోయింది. ఎవరు దిగుతున్నా వెనకనుంచి నిమిషాలు అరిచేవాళ్ళు.

నొప్పులు ఒక శనివారం పొద్దున వచ్చాయి. ఆవిడ పెద్దపిల్ల పైకి పరుగెడతానని ఏడుస్తుంటే, ఆ పిల్లను నా దగ్గర పెట్టి తలుపు వేసుకొమ్మన్నారు. జన్మలో మొదటిసారి చూడాల్సిన సమయంలో నా పీట మీద నేను లేను. లోపల ఆ పిల్లకు బొమ్మలు గీసిస్తూ, చెవి మాత్రం గోడకు ఆనించి కూర్చున్నాను. అడుగుల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం, మళ్ళీ అడుగుల చప్పుడు, అప్పుడు పసివాడి ఏడుపు. మధ్యాహ్నం తల్లీ బిడ్డా టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చారు. పుట్టినవాణ్ణి రాయించుకోవడానికి వెళ్ళారేమో అనుకున్నాం.

కుర్చీ, కటకటం, టాక్సీ, అంత హడావుడీ వట్టిదే అయింది, చివరికి మా పద్ధతే నెగ్గిందని నేను వీధంతా చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా దానికి కొమ్మలు మొలిచాయి. కొమ్మలకు కొమ్మలు మొలిచి, మొదట్లో రాసిన ఆ మాట అయి కూర్చుంది. గడియారమ్మకు ఆ మాట తెలియకపోలేదు. తెలిసినా ఒక్కసారీ మా మీద గయ్యిమనలేదు. అదే నాకింకా అలుసైంది.

ఆ మాట తిరిగి తిరిగి నా ఇంటికే వచ్చింది. అసలు కథ ఇక్కడుంది.

మా కోడలు డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు సరిచూసే పని చేస్తుంది. వందల మూతలు ముందునుంచి జారిపోతుంటే, అంచు విరిగిన ఒక్క మూతను కంటితోనే పట్టేస్తుంది. అంత చురుకైన పిల్ల. పెళ్ళయిన మూడో ఏడు కడుపు పండింది. ఐదో నెల దాటగానే, "అత్తయ్యా, నేను ఆసుపత్రిలో కనను. గడియారమ్మగారిలాగే ఇంట్లో కంటాను" అన్నది.

"మా అమ్మే, నా బంగారమే" అని నేను మెటికలు విరిచాను.

పంతం కాదు దానిది, భయం. వాళ్ళక్క కాన్పప్పుడు, ఏదో ఊళ్ళో ఏదో ఆసుపత్రిలో, నొప్పులకు అరిచిందని ఒకావిడ తొడ మీద చెంప దెబ్బలాంటి దెబ్బ వేసిందట. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వలేదట. ఆ అక్క ఇప్పటికీ దెబ్బ సంగతే చెబుతుంది తప్ప బిడ్డ పుట్టిన గడియ సంగతి చెప్పదు. మా పిల్ల మనసులో ఆ దెబ్బ అట్లాగే ఉండిపోయింది.

ఇద్దరం కలిసి పైకెళ్ళి అడిగాం. గడియారమ్మ కోడలి కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది, చీలమండ మీద వేలితో నొక్కి పట్టుకుని వదిలింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉంది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది.

"ఇంట్లో కాన్పు నేను చేయనమ్మా" అన్నది.

నాకు ఒళ్ళు మండింది. "నీకొక న్యాయం, మాకొక న్యాయమా?"

"న్యాయం ఒకటే పెద్దమ్మా, ఒళ్ళే వేరు. నాకది రెండోది, ఈ పిల్లకు మొదటిది. ఒంట్లో రక్తం తక్కువుంది. కాళ్ళకు నీరు పడుతోంది. బీపీ ఇప్పటికి గీత కిందే ఉంది, కానీ పైకి చూస్తోంది."

"అయితే నీ సాయం లేకుండానే కంటుంది. నేను లేనూ? నాలుగు పడ్డాను నేను!"

గడియారమ్మ పట్టీ చుట్టి డబ్బాలో పెట్టింది. నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, మీకు పిల్లలెంతమంది?"

"ముగ్గురు."

అన్నాక ఆ మాట నా చెవికే కొత్తగా వినబడింది.

ఇన్నేళ్ళుగా కాన్పులు లెక్కపెట్టినప్పుడు నాలుగంటాను, పిల్లల్ని లెక్కపెట్టినప్పుడు ముగ్గురంటాను. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ ఒకేచోట పక్కపక్కన పెట్టలేదు. నా రెండోది ఆడపిల్ల. కాళ్ళు ముందొచ్చాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అట్లాగే. ఆ తర్వాత నాకు పోయిన రక్తానికి నెల రోజులు లేవలేకపోయాను. ఆసుపత్రి అప్పుడు కూడా ఉంది, ఇంత దూరంలోనే. పోదామని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. కోడలికి ఈ సంగతి తెలియదు. ఆరోజు మూడో అంతస్తు వంటగదిలో నిలబడి నోరు విప్పి చెప్పాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది. గడియారమ్మ గడియారం కూడా చూసుకోలేదు.

కోడలే అన్నది. "అది విన్నాక ఇల్లన్నా భయమే. కానీ ఆసుపత్రి భయం పోలేదక్కా. మా అక్కను కొట్టారు."

గడియారమ్మ ఆసుపత్రిని వెనకేసుకొస్తుందనుకున్నాను. "అట్లాంటివాళ్ళు లేరు" అంటుందనుకున్నాను. అనలేదు.

"కొట్టి ఉంటారు. ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు నేను కూడా ఒక పిల్ల మీద గట్టిగా అరిచాను. ఆరోజు పదకొండు మంది ఉన్నారు, చేతులు ఇద్దరివి. ఆ పిల్ల మళ్ళీ నొప్పి వస్తే కూడా అరవలేదు, నావైపు చూసి పెదవి కొరుక్కుంది. ఆ చూపుకు నాకు అన్నం సహించలేదు. నాలుగు రోజులాగి వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి తప్పయిందని చెప్పాను. వాళ్ళత్త నన్ను తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. అది నాకు తగినదే."

పదహారేళ్ళ ఉద్యోగస్తురాలు, పెద్ద డాక్టరమ్మ సలహా అడిగే మనిషి, కోడలి ఈడు పిల్ల ముందు ఇంత మాట ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. మా మెట్ల మీద ఇలాంటి మనిషి ఉన్నందుకు అప్పుడే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నోటితో మాత్రం, "సరేలే, టీ చల్లారిపోతోంది" అన్నాను.

తర్వాత ఆవిడ చేసిన పని చెబుతాను. పోరు పెట్టలేదు, భయపెట్టలేదు. ఒకరోజు పగటిపూట కోడల్నీ నన్నూ వార్డుకు తీసుకెళ్ళింది. మంచం చూపించింది, ఎక్కి పడుకుని చూడమన్నది. ఇక్కడ బీరువాలో రక్తం ఆపే మందు ఉంటుంది, ఆ తలుపు ఆపరేషన్ గదిది, ఇక్కణ్ణుంచి ముప్ఫై రెండు అడుగులని నడిపించి చూపించింది. అక్కడున్న నర్సుల చేత కోడల్ని "బాగున్నావా" అని పలకరింపజేసింది. అత్త పక్కన ఉండొచ్చని పెద్ద డాక్టరమ్మ దగ్గర ముందే మాట తీసుకుంది. దారిలో కోడలితో, "నీకేం కావాలో ఒక కాగితం మీద రాయి" అన్నది. మా పిల్ల ఐదు మాటలు రాసింది. నడవనివ్వండి, చేయబోయేది ముందు చెప్పండి, అరవకండి, అత్తయ్యను పంపేయకండి, బిడ్డను వెంటనే నాకివ్వండి. ఐదో మాట కింద గీత కూడా గీసింది.

"అయినా నిర్ణయం నీదే" అన్నది గడియారమ్మ. "నేను ప్రతి ఆదివారం వచ్చి బీపీ చూస్తా. పైది నూట నలభై, కిందిది తొంభై దాటిన రోజు ఇక ఆలోచించడానికి టైముండదు. ఆలోచన ఇప్పుడే చేసి పెట్టుకో."

కోడలు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆదివారాలు మాత్రం పట్టీ కోసం చెయ్యి చాపి కూర్చునేది. నూట ఇరవై నాలుగు, నూట ముప్ఫై, నూట ముప్ఫై రెండు. మా అబ్బాయి ప్రెస్సులో అచ్చు యంత్రం నడుపుతాడు. వాడు ఇంటికి రాగానే "ఈ వారం ఎంత?" అని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాడు. నేను కసిరేదాన్ని.

తొమ్మిదో నెల మొదట్లో ఒక బుధవారం, పొద్దున పది గంటలప్పుడు, కోడలు పసిబట్టలు మడతపెడుతూ చెయ్యి ఆపేసింది. "అత్తయ్యా, కళ్ళముందు మూతలు తేలుతున్నట్టుంది. తెల్లవీ నల్లవీ. తల పగిలిపోతోంది."

రెండు మెట్లకొక అడుగుగా ఎప్పుడెక్కానో నాకే తెలియదు. గడియారమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుని ఉంది. నా కేకకు జుట్టు ముడి కూడా వేసుకోకుండా దిగొచ్చింది. పట్టీ చుట్టింది. గొట్టం చెవుల్లోంచి తీస్తూ గట్టిగానే చెప్పింది, దాచలేదు. "నూట అరవై. కిందిది నూట నాలుగు."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. నేను నోరెత్తలేదు. నేను నోరెత్తకుండా ఉన్న ఆ క్షణం మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అక్కా, మీరు నాతో ఉంటారా?"

"ఇవాళ డ్యూటీ లేదు. మీ అక్కలాగే వస్తా."

"అయితే పదండి. కాగితం ఆ డబ్బా కింద ఉంది, తీయండి."

కింద వెల్డరు నిప్పురవ్వల మధ్య కూర్చుని ఉన్నాడు. పైనుంచి ఆవిడ ఒక్క కేక వేసింది, "కుర్చీ!" అని. అంతే, అద్దం తీసి పడేసి వచ్చాడు. టాక్సీ డ్రైవరు ముందు, ఆయన వెనక. మలుపు దగ్గర గడి నేనే తీశాను. తుప్పు పట్టి ఉంటుందేమో అనుకున్నాను, లేదు. ఈ నాలుగేళ్ళూ నెలకొకసారి నూనె వేస్తున్నాడట ఆ మాట్లాడని మనిషి. ఇన్నాళ్ళూ ఇక్కడే కూర్చున్నాను, ఒక్కసారీ నా కంట పడలేదు. నేనెప్పుడు స్నానానికి లేస్తానో చూసుకుని వేసుంటాడు. ఇస్త్రీ ఆవిడ పెట్టె పొయ్యి మీదే వదిలేసి వీధిలోకి పరుగెత్తి, బండ్లన్నీ పక్కకు జరిపించింది. ఆవిడ గొంతుకు లారీలైనా జరుగుతాయి.

పదకొండు నిమిషాలు కాదు, తొమ్మిది నిమిషాలకే చేరాం.

మందులు ఎక్కించారు. బీపీ దించారు. నొప్పులు రావడానికి మందు పెట్టారు. ఆ రోజంతా, ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా నేను పక్కనే ఉన్నాను. గడియారమ్మ మామూలు చీరలో, ఒక చుట్టంలాగా, గోడ పక్కన నిలబడింది. తన వార్డులో తాను పని చేయకుండా నిలబడటం ఆవిడకెంత కష్టమో చేతులు చూస్తే తెలుస్తుంది. వేళ్ళు ఊరికే ఉండవు, దుప్పటి అంచు సర్దుతూనే ఉంటాయి. ఒక కొత్త నర్సు కంగారులో, "కదలకు! ఎన్నిసార్లు చెప్పాలి?" అని గొంతు పెంచింది. గడియారమ్మ ముందుకొచ్చి, చాలా మెల్లగా, "చెల్లీ, ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి చెప్పు. వింటుంది" అన్నది. ఆ పిల్ల పిలిచింది. మా కోడలు విన్నది.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. ఐదో మాట ప్రకారం వెంటనే కోడలి రొమ్ము మీద పెట్టారు. ఆ తర్వాత నేను చూసిన దృశ్యం నాకు కొత్తది కాదు. రక్తం. నా రెండో కాన్పులో గచ్చు మీద చూసినంత రక్తం. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. కానీ ఇక్కడ ఎవరూ "ఏం చేద్దాం" అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు. బీరువా తెరుచుకుంది, సూది పడింది, ఒకావిడ కోడలి పొట్టను గట్టిగా నలిపింది, ముందే తెప్పించి పెట్టిన రక్తం సీసా వేలాడింది. కొంతసేపటికి ఆగింది. కోడలు కళ్ళు తెరిచి, "అత్తయ్యా, దీని ముక్కు మీదే" అన్నది. మా వంశంలో ఎవరికీ లేని అదృష్టం, నా ముక్కు ఇంకొకరికి.

ఆ రోజు నేను బయటికొచ్చి వరండా బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మనవరాలి కోసమే అనుకుని అందరూ నవ్వారు. ఇద్దరి కోసం ఏడ్చాను.

ఇంటికొచ్చిన నెలకు వీధిలో కొత్త మాట పుట్టింది. గడియారమ్మ భయపెట్టి కోడల్ని ఎత్తుకుపోయిందట, తను మాత్రం ధైర్యంగా ఇంట్లో కన్నదట. ఇస్త్రీ ఆవిడే నాకు మోసుకొచ్చింది. "నిప్పు లేనిదే పొగ రాదు కదా పెద్దమ్మా" అన్నది.

"ఆ నిప్పు ఎవరు పెట్టారో నాకు తెలుసు, పొయ్యి ముందు కూర్చుని కూడా నీకు తెలియలేదు" అన్నాను. అన్నాక నాకే ఒక సంగతి తట్టింది. ఇంతమందిని ఇన్ని అడుగుతాను. కూరగాయలవాడి తమ్ముడి అత్తగారి మోకాలి నొప్పి గురించి కూడా నాకు తెలుసు. ఈ ఒక్క సంగతి మాత్రం గడియారమ్మను సూటిగా ఎప్పుడూ అడగలేదు. జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. తెలుసనుకున్నదాన్ని ఎవరడుగుతారు?

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే మలుపు దగ్గర ఆపాను. నా పీట జరిపి సగం చోటిచ్చాను, అది నేను ఎవరికీ ఇవ్వను. లోపల మనవరాలు ఉయ్యాలలో సణుగుతోంది.

"ఒక మాట అడుగుతా, కోపగించుకోకు."

"మీరడగకపోతేనే అనుమానం పెద్దమ్మా."

"మా పిల్లను కుర్చీలో ఎక్కించి తీసుకుపోయావు. దాని ప్రాణం నిలబెట్టావు, నా తల నీ కాళ్ళ మీద పెట్టినా తప్పులేదు."

"వద్దులెండి, నడుం పట్టేస్తుంది."

"ఉండవే. నీ కాన్పప్పుడు కుర్చీ ఉంది, టాక్సీ ఉంది, అంతా సిద్ధంగా ఉంది. అయినా ఇంట్లోనే ఎందుకు ఉండిపోయావు? నిజం చెప్పు."

గడియారమ్మ నావైపు వింతగా చూసింది. తర్వాత ఒళ్ళంతా కదిలేట్టు నవ్వింది.

"ఉండిపోలేదు పెద్దమ్మా. ఉమ్మనీరు పోయింది, దాని రంగు నాకు నచ్చలేదు. ఆసుపత్రికి పద పదమన్నాను. ఆయన కుర్చీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, నేను చెప్పులు కూడా వేసుకున్నా. వాడే ఆగలేదు. చెప్పుల కాళ్ళతోనే కన్నా."